కోత పండుగ వేలంలో మా కోడి

ఈ సంగతి జరిగినప్పుడే రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. అప్పటికి నాకు రాయడం రాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షకు, పోలీసు ఉద్యోగానికి, కంప్యూటరుకు, అన్నింటికీ కోచింగ్ ఉంది. అ ఆలకు మాత్రం ఎక్కడా బోర్డు కనిపించలేదు. కనిపించినా నేను చదవలేను. చివరికి మంగళవారం స్త్రీల కూడిక అయ్యాక పాస్టరమ్మ నన్ను కూర్చోబెట్టుకుని నేర్పింది. చాలా కాలం పట్టింది. ఇప్పుడు వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మా ఇల్లు మన్సూరాబాద్‌లో. మా ఆయన కాలేజీ బస్సు నడిపేవాడు. ఆ ఉద్యోగం మానేసిన ఏడాదే ఆయన అన్నకు తుంటి విరిగింది. బావగారు కూతురి దగ్గరికి పోతూ, సాగర్ రోడ్డు వైపు ఉన్న తన పొలాన్నీ అందులోని రెండు గదుల ఇంటినీ ఒక ఏడాది చూసుకొమ్మన్నాడు. మన్సూరాబాద్ ఇల్లు కిరాయికిచ్చి వెళ్లాం. మా ఇద్దరికీ వ్యవసాయం రాదు. బావగారి బర్రె దారికి అడ్డంగా నిలబడితే మా ఆయన చెయ్యి హారన్ కోసం గాలిలో వెతికేది.

అంతకు చాలా ముందే, దిక్కులేని పిల్లలను కొంతకాలం ఇంట్లో పెట్టుకుని సాకుతామని పిల్లల ఆఫీసులో పేరు ఇచ్చి ఉన్నాం. ఆ మాట మా ఆయన కుటుంబ ప్రార్థనలో దేవుడితో అనేశాడు కాబట్టి ఇవ్వక తప్పలేదు. ప్రార్థనలో ఆయన ఎప్పుడూ కాస్త ఎక్కువే మాట్లాడతాడు. ఆఫీసువాళ్లు బాగా ఆలోచించి, మేము సామాను ఇంకా విప్పకముందే ఇద్దరు ఆడపిల్లలను తెచ్చి అప్పజెప్పారు. పెద్దదానికి ఐదేళ్లు, చిన్నదానికి రెండు. తల్లి లేదు. తండ్రి ఎక్కడున్నాడో తెలియదు. ప్రస్తుతానికి ఒక ఏడాది, తర్వాత సంగతి తర్వాత చూద్దామన్నారు.

చిన్నది వచ్చిన పూటే మట్టి తిని, అన్నం తిని, నిద్రపోయింది. పెద్దది అట్లా కాదు. దాని దగ్గర ఒక గుడ్డ సంచి ఉండేది. అందులో రెండు గౌన్లు, ఒక దువ్వెన. అల్మారాలో ఒక అర ఖాళీ చేసి చూపిస్తే చూసింది. బట్టలు మాత్రం తియ్యలేదు. ఏ గౌను విడిస్తే దాన్ని నేను ఉతికి ఆరేయాలి, అది మడిచి మళ్లీ సంచిలో పెట్టుకోవాలి. పొలంలోకి పోయినా సంచి, ఆదివారం ఎల్బీనగర్‌లో మా చర్చికి పోయినా సంచి.

ఎందుకని ఆఫీసు మేడాన్ని అడిగాను. మీర్‌పేట్‌లో మేనత్త కొన్నాళ్లు ఉంచుకుందట. ఆ తర్వాత పక్కింటివాళ్లు, ఆ తర్వాత హాస్టలు. ప్రతిసారీ "ఊరికే పోయొద్దాం పా" అని తీసుకుపోయి వదిలేశారట. రెండోసారి బట్టలు కూడా వెనకే ఉండిపోయాయట. సంచి ఎప్పుడు విప్పుతుందోనని నేను ఎదురుచూస్తూ ఉన్నాను. అదొక్కటే నాకు కావలసింది. పంట సంగతి నేను అప్పటికే వదిలేశాను.

వానాకాలంలో బావగారి కోడి గుడ్లు పొదిగి పిల్లలను లేపింది. ఆ సాయంత్రం ప్రార్థనలో మా ఆయన, "ప్రభువా, వీటిల్ల ముందు పెద్దయిన కోడి నీది, కోత పండుగకు తెచ్చిస్త" అన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. పెద్దపిల్ల మూసుకోలేదు.

తర్వాత గద్ద కొన్నింటిని, ముంగిస కొన్నింటిని తీసుకుపోయాయి. ఒక్కటి మిగిలింది. పెద్దపిల్ల దాన్ని పొద్దంతా గౌను ఒడిలో వేసుకుని తిరగడం వల్ల మిగిలింది. అది ముందు పెద్దయింది, వెనక పెద్దయింది కూడా అదే.

పండుగ దగ్గరికొచ్చాక మా ఆయనతో అన్నాను, "బజార్ల ఇంకో కోడిని కొనిద్దాం. ఇది ఆ పిల్లది."

"కొన్నది ప్రథమ ఫలం ఎట్లయితదే?"

"మన చర్చిల అందరు కొన్నవే తెస్తరు గదా."

అది నిజం. ఎల్బీనగర్‌లో ఎవరికీ పంట లేదు. కోత పండుగ వచ్చిందంటే అందరూ రైతు బజారుకు పోయి గుమ్మడికాయలు, సొరకాయలు కొనుక్కొచ్చి దేవుడి ముందు పెడతారు. ఒకాయన గోధుమపిండి ప్యాకెట్ తెచ్చాడు. అదీ పంటే అన్నాడు. ఎవరూ కాదనలేకపోయారు.

"అందుకే," అన్నాడు మా ఆయన. "ఈ ఒక్క ఏడాదన్న మనకు నిజం పంట ఉన్నది. దేవునికి మాటిచ్చిన."

పిల్లకు ఆయనే చెప్పాడు. అది ఏడవలేదు. కోడిని తానే ఎత్తుకుని, సంచి భుజాన వేసుకుని బస్సెక్కింది.

ఆరాధన అయ్యాక కానుకలను వేలం వేస్తారు. మా సంఘ పెద్ద ఒకాయన ప్రతి ఏడూ పాడిస్తాడు. ఇచ్చినవాళ్లు తమ వస్తువును తాము పాడకూడదు, పక్కవాళ్లే పాడాలి. అది మా చర్చి పద్ధతి. లేకపోతే ఎవరి గుమ్మడికాయ వాళ్లే ఇంటికి తీసుకుపోతారు, పండుగ అయినట్టు ఉండదు.

పెద్దపిల్ల మా పక్కన కూర్చోలేదు. ముందుకు పోయి, కానుకల వరుసలో, గుమ్మడికాయకూ అరటి గెలకూ మధ్య కోడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఈ పిల్ల ఎవరి పంట?" అన్నాడు సంఘ పెద్ద. అందరూ నవ్వారు. "సరే, కోడి! నాటు కోడి! జల్ది పాడున్రి, పాస్టరుగారికి ఆకలైతున్నది."

ఇద్దరు ముగ్గురు పాడారు. చివరికి మా వెనక వరుసలో కూర్చునే గుంటూరు ఆవిడకు దక్కింది. ఆమె భర్త బ్యాంకులో పనిచేస్తాడు. "సాయంత్రం మా అల్లుడొస్తున్నాడు, నాటు కోడంటే పడి చస్తాడు" అని పక్కనామెకు చెప్పింది.

పెద్దపిల్ల లేచి మొదట మా దగ్గరికొచ్చింది. "ఆంటీ, చెల్లె రాత్రి దుప్పటి తన్నేస్తది. జర చూడు" అంది. తర్వాత గుంటూరు ఆవిడ దగ్గరికి పోయి, చంకలో కోడి, భుజాన సంచితో నిలబడింది.

"కోడినివ్వమ్మా" అందామె.

"ఇల్లు దూరమా?"

"ఎవరి ఇల్లు?"

"మీదే. నడిచి పోవాల్నా, బస్సా?"

ఆమె పిల్లను చూసింది, సంచిని చూసింది, మమ్మల్ని చూసింది. మా ఆయన తన చెప్పులు చూసుకుంటున్నాడు.

"ఏవండీ పెద్దాయనా," అందామె వేదిక వైపు తిరిగి, "పాడుకున్నాక ఇది నాదేగా? నా ఇష్టమేగా?"

"మీదేనమ్మా. వండుకున్నా మీ ఇష్టమే, పెంచుకున్నా మీ ఇష్టమే."

"అయితే ఈ పిల్లకిచ్చేశాను." కూర్చుని పమిట సర్దుకుంది. "మా అల్లుడికి గుడ్డు కూర చాల్లే. పోయినసారి వచ్చినప్పుడు నా వంటకి వంక పెట్టాడు."

ఎల్బీనగర్‌లో తిరుగు బస్సు ఎక్కాం. కండక్టరు కోడికి టికెట్ తీసుకోవాలన్నాడు. మా ఆయన వాదించకుండా తీసుకున్నాడు. ఆయన అంత వినయంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. చాలా దూరం పోయాక అడిగింది. "వచ్చే పండుగకు నన్ను ఇస్తరా?"

"మనుషులను ఇయ్యరు బిడ్డా."

"ఇస్తరు" అంది. అది నాకంటే ఎక్కువ చూసింది కాబట్టి నేను వాదించలేదు.

"ఏడాదైనంక నేను యాడుంట?"

ఆఫీసువాళ్లు ఏమంటారో నాకు నిజంగా తెలియదు. "తెల్వది" అన్నాను. "కానీ నిన్ను వేలం ఏస్తే మాత్రం నేను పాడుత. ఎవ్వరికీ పోనియ్య."

అది నా వైపు తిరిగింది. "ఇచ్చినోళ్లు పాడొద్దన్నరు గదా."

"నిన్ను నేను ఇయ్యలే గదా. అందుకే పాడొచ్చు."

దానికి ఈ లెక్క సరిగ్గా ఉన్నట్టు తోచింది. ఊరొచ్చేదాకా కోడి తల నిమురుతూ కూర్చుంది.

మరునాడు పొద్దున గూడు తెరుద్దామని పోతే గూట్లో ఒక మూలన ఆ గుడ్డ సంచి ఉంది. లోపల కొంచెం గడ్డి, గడ్డి మీద కోడి. సంచిలో ఉండాల్సిన గౌను, దువ్వెన ఇంట్లో మంచం మీద ఉన్నాయి. గౌను ఉతికిందే అయినా మళ్లీ ఉతికాను. ఆరాక మడిచి, అల్మారాలో ఖాళీ చేసిపెట్టిన అరలో పెట్టి, తర్వాత బర్రెకు గడ్డి వేయడానికి పోయాను.