మోటారు మీద చెయ్యి

ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా ఇప్పటికీ నా అరచెయ్యి మోటారు మీదికి పోతుంది. ఆ అలవాటు నాది కాదు, సిరిసిల్లలో ఒక సాంచాల ఆసామిది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు.

తమ కర్బన ఉద్గారాల లెక్కను ఎవరూ బలవంతపెట్టకుండానే ప్రకటిస్తే పెద్ద కంపెనీల ఆర్డర్లు దొరకొచ్చని ఆయన ఆశ. ఆ లెక్క తయారుచేసిపెట్టడం నా పని.

నేను వెళ్లేసరికి సాంచాలన్నీ దడదడలాడుతున్నాయి. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కదాని మీదా పోగు లేదు. నడిపేవాళ్లూ లేరు. పని దొరక్క అందరూ మహారాష్ట్రలోని భీవండి మగ్గాలకు వెళ్లిపోయారట.

"ఉత్తగా ఎందుకు నడుపుతున్నారు? కరెంటు కాలితే మీ లెక్కే పెరుగుతుంది!" అని అరిచాను.

ఆయన ఒకచోట నిలబడడు. ఆ మోటారూ ఈ మోటారూ తడుముతూనే, "పెరగనియ్యి సార్. సప్పుడు లేకుంటే కార్ఖానా బందువెట్టిండనుకోరా?" అన్నాడు.

పట్టుబట్టి అన్నీ ఆపించాను. ఆ నిశ్శబ్దంలో నాకే ఏదోలా అనిపించి, "మీ కరెంటు బిల్లుల ప్రకారం నిరుటికంటే ఉద్గారాలు బాగా తగ్గాయండీ, మంచి రిపోర్టు వస్తుంది" అన్నాను.

ఆయన ఆఖరి మోటారు మీద అరచెయ్యి ఆనించి, ఇక కదల్లేదు.

"ఇంకా వేడిగనే ఉన్నది సార్," అన్నాడు. "గిది సుత రాసుకోండ్రి."