బెల్లం వేసిన మజ్జిగ

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పుడూ అంతే. జరిగింది మాత్రం రాస్తున్నాను.

దివిసీమలో ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, బందరులో మా సూపరింటెండెంటు గారి బావమరిది హైదరాబాదు నుంచి వచ్చాడు. చుట్టుపక్కల చూడదగ్గవన్నీ చూపించమని నన్ను పురమాయించారు. మంగినపూడిలో సముద్రస్నానం చేయించాను. కూచిపూడి చూపించాను. రెండో రోజు జీపెక్కుతూ, "ఇవి కాదండీ, ఉప్పెన కొట్టేసిన ఊళ్లున్నాయటగా, అవి చూపించండి. ఇంతదూరం వచ్చి చూడకపోతే ఎలా?" అన్నాడు.

మా అక్క ఆ ఊళ్లలోనే పోయింది. శవం దొరకలేదు. ఆ రోజు పనిమీద బందరు వచ్చి బతికిపోయిన బావ, ఏడాది తిరిగేలోగా దర్భలతో బొమ్మ చేసి దహనం చేద్దామంటున్నాడు. కళ్లారా చూడకుండా కర్మ ఏమిటని నేను అడ్డుపడుతున్నాను. ఇవేవీ అతనికి చెప్పలేదు. చెప్పదగ్గ మనిషిగా కనిపించలేదు.

అవనిగడ్డ దాటి, అక్క ఊరికే తీసుకెళ్లాను. కోపంతోనే తీసుకెళ్లాను. మిట్టమధ్యాహ్నం. ఊరంతా కలిపి అక్క ఇంటి గోడ ఒక్కటే నిలబడి ఉంది.

"శవాలు ఎక్కడ కాల్చారండీ?" అన్నాడు.

నేను జీపు దగ్గరే ఉండిపోయాను. అతనొక్కడే ఆ గోడ చాటుకు వెళ్లాడు. పావుగంటకు మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"మీవాళ్లు మర్యాదస్తులండీ. గోడ వెనక ఒకావిడ మజ్జిగ ఇచ్చింది. అందులో బెల్లం వేస్తారేంటండీ బాబూ! అడిగితే, 'మా బావి నీళ్లు ఉప్పనండీ, తాగలేరు' అంది."

పరుగెత్తాను. గోడ వెనక ఎవరూ లేరు. కనుచూపుమేర చదును నేల. ఇసుకలో అతని బూటు గుర్తులు తప్ప ఇంకో అడుగు లేదు. బావి పూడిపోయి ఉంది. అతని చొక్కా మీద మజ్జిగ చుక్కలు ఇంకా తడిగానే ఉన్నాయి.

చుట్టాలొస్తే మజ్జిగలో బెల్లం కలిపేది ఆ ఊళ్లో మా అక్క ఒక్కతే. "మా కోడలు మజ్జిగతో పాయసం కాస్తుంది" అని వాళ్ల అత్తగారు నవ్వేవారు.

ఉప్పెన తర్వాత అప్పటికే ఆ గోడ దగ్గరికి పదకొండుసార్లు వెళ్లి ఉన్నాను. అక్కా అని గొంతు పోయేలా పిలిచాను. శవాలను వింతగా చూడాలని వచ్చినవాడికి మజ్జిగ పోసింది. తమ్ముడికి పోయలేదు.

మర్నాడు బావ మళ్లీ దహనం మాట కదిపాడు. "ఏమంటావురా?"

"కానియ్యి బావా," అన్నాను.

ఆ మజ్జిగ ఎవరు పోశారో నాకు తెలియదు. అక్క పోయిందని నమ్మి ఆ మాట అన్నానో, అక్క మీద కోపంతో అన్నానో, అదీ ఇప్పటికీ తెలియదు.