రత్నం మామ తెంపిన వైరు

ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు మొన్న పది నిమిషాలు ఊరికే నిలబడ్డాను. నా ఫోనుకు ఏ జబ్బూ లేదు. లోపల ఎవరో టంకం వేస్తున్నారు. ఆ కాలిన రోజనం వాసన, కళ్లు మండించే సన్నటి పొగ రోడ్డు దాకా వచ్చాయి. "ఏం కావాల పెద్దాయనా?" అని కొట్టతను రెండుసార్లు అడిగాడు. ఏం చెప్పను? చనిపోయి పాతికేళ్లు దాటిన మనిషి కావాలి నాకు. ఆయన పేరు యేసురత్నం. జమ్మలమడుగు రోడ్డులో బండ్లకు వైరింగు చేసేవాడు. మా డ్రైవర్లందరికీ రత్నం మామ. మనిషి పొట్టి, మాట మొరటు, చెయ్యి మాత్రం కంసాలి చెయ్యి.

నేను ఆయన దగ్గరికి చేరింది కుంటికాలితో. అంతకుముందు ఆరేళ్లు సింహాద్రిపురం పక్కన ఒక పల్లె నాయకుడికి జీపు తోలాను. ఏ జెండా కింద ఉన్నామో చూసుకుని ఏ వీధిలో నడవాలో తేల్చుకోవాల్సిన రోజులవి. ఒకనాడు పట్టపగలే మా జీపు మీద అవతలి వర్గంవాళ్ల నాటుబాంబు పడింది. నాయకుడికి గీత కూడా పడలేదు. నా కుడి చీలమండ నుజ్జయింది. ఆస్పత్రిలో ఉండగా మొదటి నెల ఆయన చీనీకాయలు పంపాడు, రెండో నెల కొత్త డ్రైవర్ని పెట్టుకున్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని పెద్దలు ఊరికే అనలేదు.

నాకు వచ్చిన విద్య తోలడం ఒక్కటే. పాత పికప్ ఒకటి తీసుకుని పులివెందుల అరటిని బెంగళూరుకు తోలడం మొదలుపెట్టాను. బ్రేకు తొడ బలంతో తొక్కేవాణ్ణి, దానికి ఇబ్బంది లేదు. యాక్సిలరేటరును ఒకే తీరుగా పట్టి ఉంచడమే నరకం. గంట తోలితే అరగంట ఆగాలి. నేను ఆగితే కాయ ఆగుతుందా? రెండు లోడ్లు దారిలోనే మాగిపోయాయి. ఇక బండి అమ్ముకుని ఇంట్లో కూర్చోవడమే అనుకుంటుండగా, మా బావమరిది కువైట్ నుంచి దుప్పట్లతో, సెంటుసీసాలతో పాటు ఒక డబ్బా తెచ్చాడు. క్రూయిజ్ కంట్రోల్ అట. బటన్ నొక్కితే కాలు తీసేసినా బండి అదే వేగంతో పోతుందట.

రత్నం మామ ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. దాంతో వచ్చిన కాగితమంతా అరబ్బీ.

"ఇది క్లచ్చు లేని బండ్లకు చేసింది ప్పా. మన బండిలో క్లచ్చు తొక్కినా దీనికి తెలీదు. పట్టుకున్న యాక్సిలరేటరును వదలదు. ఇంజను రంకెలేస్తాది."

"అయితే కుదరదా మామా?"

"కుదరదని ఎవురన్నారు? నువ్వు క్లచ్చు తొక్కినావని దానికి మనం చెప్పల్ల. అంతే."

మూడు రోజులు పట్టింది. పాత స్కూటరు నుంచి బ్రేకులైటు స్విచ్చు విప్పి, దాన్ని నా క్లచ్చు పెడలుకు బిగించాడు. డబ్బాకు వేగం తెలియడానికి చక్రాలను తిప్పే షాఫ్టుకు అయస్కాంతం ముక్కలు అతికించాడు. బ్రేకు తొక్కిన కబురు మాత్రం బ్రేకులైటు వైరు నుంచే ఇచ్చాడు. లైటు వెలిగితే చాలు, డబ్బా యాక్సిలరేటరును వదిలేయాలి. ప్రతి అతుకూ టంకం వేసి, టేపు చుట్టి, లాగి చూసేవాడు. "ఊరికే మెలేసి వదిలితే ఏమైతాది మామా?" అని నేను విసుక్కుంటే "నీకేం గాదులే, నాకు నిద్ర రాదు" అనేవాడు.

మూడోనాటి సాయంత్రం ఇద్దరం పులివెందుల రోడ్డెక్కాం. ముద్దనూరు దాటాక "కాలు తియ్" అన్నాడు. తీశాను. బండి పోతూనే ఉంది. ఏడాది తర్వాత మొదటిసారి నొప్పి లేకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. సిగ్గు విడిచి ఏడ్చాను. "రోడ్డు సూడు ప్పా, ఏడుపు ఇంటికాడ ఏడ్సుకో" అన్నాడు.

ఇక నా తెలివితక్కువ పని చెప్పాలి. ఆ రోజుల్లో మా జీపులకు డాష్‌బోర్డు కింద ఒక దొంగ స్విచ్చు ఉండేది. అది ఆపితే బ్రేకులైట్లతో సహా వెనక లైట్లన్నీ చచ్చిపోతాయి. వెంటాడేవాడికి మనం ఎక్కడ నెమ్మదించామో తెలియదు. నాయకుడు నన్ను వదిలేసినా అవతలి వర్గానికి నేనింకా ఆయన డ్రైవర్నే. వెనక ఎర్రలైట్లు వెలుగుతున్నాయంటే నాకు వీపు మీద గుడ్డ లేనట్టు ఉండేది. మామకు చెప్పకుండా ఇంకో మెకానిక్ దగ్గర నా పికప్‌కూ ఆ స్విచ్చు వేయించుకున్నాను.

ఒక సందెవేళ కదిరి దారిలో, దిగుడులో, బండిని డబ్బాకు వదిలి పోతుంటే వెనక జీపు కనిపించింది. స్విచ్చు ఆపేశాను. మలుపు తిరిగితే, గడ్డిమోపు ఎత్తుకుని ఒకామె రోడ్డు దాటుతోంది. బ్రేకు తొక్కాను. లైటు చచ్చిపోయింది కదా, డబ్బాకు కబురు అందలేదు. నేను ఆపుతుంటే అది లాగుతోంది. దిక్కుతోచక క్లచ్చు తొక్కాను. అప్పుడు వదిలింది. ఆమెకు మూరెడు దూరంలో బండి నిలిచింది. వెనక జీపు పక్కనుంచి పోయింది, దాన్నిండా పెళ్లివాళ్లు. మోపు కింద పడేసి ఆమె "కండ్లు యాడ పెట్టుకోని తోల్తాండావురా? నా బిడ్డలకు కూడు నువ్వు పెడతావా?" అని నిలదీస్తే, దిగి దండం పెట్టాను.

లోడు దించి వచ్చి మామకు జరిగిందంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. డాష్‌బోర్డు కింద దూరి, స్విచ్చు వైరు వెతికి, కటింగ్ ప్లేయరుతో తెంపేశాడు. తర్వాత బ్రేకులైటు తీగను ఎప్పటిలా కలిపి టంకం వేశాడు.

"బ్రేకులైటు నీకోసం గాదు ప్పా. ఎనకొచ్చేటోనికోసం."

"ఎనకొచ్చేటోడు నన్ను సంపనీకే వస్తాంటే?"

"వాడు లైటు లేకున్నా కనిపెడతాడు. పాలబండోడు కనిపెట్టలేడు." నా వైపు చూడకుండా చెప్పాడు. "ఈ స్విచ్చు ఈ పక్క జీపులకు ఏసిందే నేను. శానా జీపులకు ఏసినా. మా తమ్ముడు దువ్వూరు కాడ మోపెడ్ మీద పోతా, లైటు లేని జీపును ఎనకనుంచి గుద్ది సచ్చిపోయినాడు. ఆ జీపుకు స్విచ్చు ఏసింది నేనో కాదో నాకు తెలీదు. తెలుసుకునే ధైర్యం ల్యాకపాయ." లేచి చేతులు తుడుచుకున్నాడు. "స్విచ్చే కావాలంటే సెప్పు, డబ్బా పీకేస్తా. రెండూ ఒక బండిలో వద్దు."

నాకు కోపం వచ్చింది. నీ తమ్ముడి చావుకు నా ప్రాణం బదులా అని మనసులో అనుకున్నాను. బండి తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆ కొట్టు గడప తొక్కలేదు. డబ్బా లేకుండా తోలలేను గనక స్విచ్చు మాత్రం మళ్లీ వేయించుకోలేదు.

వానాకాలంలో ఒకరోజు, ముందు ఏముందో కనిపించని జడివానలో రైల్వేగేటు దగ్గర ఆగాను. వెనక ఒక జీపు ఆగింది. ఆ జీపు నాకు తెలుసు, అవతలి వర్గానిది. ఒకడు దిగి తడుస్తూ నా కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఈ వానలో నీ లైట్లు సూసుకుంటానే వచ్చినాం ప్పా. నువ్వు ఆపితే ఆపినాం" అన్నాడు. అప్పుడు నా ముఖం గుర్తుపట్టాడు. నా కాలి వైపు చూశాడు. గేటు లేచింది. "నిదానంగా పో, మేం ఎనకాలే వస్తాం" అని వెళ్లి జీపెక్కాడు. పులివెందుల దాకా అలాగే వచ్చారు.

ఇది మామకు చెప్పాలనుకున్నాను. కోపం పోయింది గానీ సిగ్గు మిగిలింది. ఈ లోడు అయ్యాక, ఆ లోడు అయ్యాక అంటూ నెలలు గడిపాను. చివరికి వెళితే కొట్టుకు తాళం. ఇంటికి వెళ్లాను. మామ పోయి నలభై రోజులైందని ఆయన భార్య చెప్పింది.

"మంచం మీద ఉన్నెప్పుడు గూడా నిన్నే అడుగుతాండ్య. బండ్లోళ్లు ఎవురొచ్చినా, ఆ కుంటి డ్రైవరు కనపన్యాడా, లైట్లు ఎలుగుతాండాయా అని" అందామె.

"ఎలుగుతాండాయి అత్తా" అన్నాను.

ఆయన ఎదురుచూసిన జవాబు అది. చెప్పడానికి నాకు అరగంట దారి. నేను ఆ దారి పోలేదు. ఇప్పుడు ఎవరితోనైనా మాట పట్టింపు వస్తే, తప్పు నాదైనా కాకపోయినా, మర్నాడే వెళ్లి వాళ్ల గుమ్మంలో నిలబడతాను. లోపలి నుంచి మనిషి పలికేదాకా నా గుండె గుండెలో ఉండదు.