కూర్చునే కిటికీ

జర్మనీలో కరోనా మొదటి చలికాలం. ఎష్‌బోర్న్ ఆఫీసు పనంతా ఇంట్లోంచే చేసి చేసి, సాయంత్రానికి ల్యాప్‌టాప్ మొహం చూడబుద్ధయ్యేది కాదు. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి బడివాళ్ల ఆన్‌లైన్ మీటింగు. కొత్త భవనం కడతారట, ఎలా ఉండాలో పిల్లలూ టీచర్లూ చెప్పాలట.

టీచరు పూర్తిగా తెరుచుకునే కిటికీలు అడిగింది. ఉన్నవి పైన జానెడే తెరుచుకునేవి. గాలి ఆడాలని వాటిని రోజంతా తీసే ఉంచితే, పిల్లలు టోపీలూ జాకెట్లతోనే లెక్కలు చేసేవాళ్లు. మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి, ఎక్కి కూర్చునేంత వెడల్పు గట్టున్న కిటికీ అడిగింది. ఆర్కిటెక్టు మెచ్చుకుని రాసుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని మీటింగులో! గోడల రంగులు, తలుపులు, చెప్పుల అరలు. నిజం చెప్పొద్దూ, చెప్పుల అరల దగ్గర నా ఓపిక అయిపోయింది. కెమెరా ఆపేసి పప్పు తాలింపు పెట్టుకున్నాను.

భవనం పూర్తయ్యేసరికి మా అమ్మాయి ఆ బడిలో ఆఖరిదైన నాలుగో తరగతి ముగించి వేరే బడికి వెళ్లిపోయింది. చూడ్డానికి రమ్మంటే మాస్కులు పెట్టుకుని వెళ్లాం. కిటికీ అచ్చం తను అడిగినట్టే ఉంది. ఎక్కి కూర్చుంది. అంతలో ఓ చిన్నపిల్ల వచ్చి, అది తన చోటని జర్మన్‌లో చెప్పింది. మా అమ్మాయి దిగి చోటిచ్చింది.

నెల తిరక్కుండానే కొత్త బడి నుంచి మెయిల్ వచ్చింది. క్యాంటీన్ మార్చి కడతారట, పిల్లల అభిప్రాయాలు కావాలట.

“ఈసారి ఏం అడుగుతావే?” అన్నాను.

ఫోన్‌లోంచి తలెత్తకుండానే అంది: “ముందు ఎప్పటికి కడతారో కనుక్కో మమ్మీ.”