ఎక్కిరింపుల చుట్టరికం

హన్మకొండ పార్కులో పొద్దున్నే చేతులు పైకెత్తి నవ్వేవాళ్లను చూశాను. ఆరోగ్యానికి మంచిదట. కావచ్చు. నాకు తెలిసిన నవ్వుకు మాత్రం ముందు చుట్టరికం ఉండాలి. మామ ఎదురైతే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకోవాలి. పెద్ద బావగారి ముందు గొంతు లేవకూడదు. ఆడబిడ్డ, వదినె మాత్రం పెండ్లిలోనైనా చావులోనైనా ఒకరినొకరు ఎంతైనా ఎక్కిరించుకోవచ్చు. కోపం తెచ్చుకున్నవాళ్లదే తప్పు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా కాపురానికొచ్చిన నాటి నుంచి మా ఆడబిడ్డ నోటికి నేనే మేత. మా ఆయనకు ఆమె ఒక్కతే చెల్లెలు, నెక్కొండలో ఇచ్చారు. రైలు దిగి వరంగల్ కాశిబుగ్గలో మా గడపలో కాలు పెట్టీ పెట్టకముందే మొదలుపెట్టేది.

"వదినె, నీ పప్పుచారుల పప్పు దొర్కాలంటే గాలం ఏయాలె!"

"మీ అన్నకు పిల్లనిచ్చినందుకు ముందుగాల మా అయ్యకు దండం బెట్టు పో," అనేదాన్ని.

మా ఆయన సైకిళ్లకు పంచర్లు వేసే మనిషి. మొన్న ఎండాకాలం గుండెనొప్పి అన్నాడు, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. దినాలయ్యాక ఆడబిడ్డ నన్ను వాళ్లింటికి నిద్రకు తీసుకెళ్లింది. చావు జరిగిన ఇంటివాళ్లను చుట్టాలు ఒక రాత్రి తమ ఇంట్లో ఉంచుకుని, కడుపునిండా పెట్టి పంపడం మా దగ్గర ఆనవాయితీ.

అక్కడికి పోయాక నా దిగులు రెట్టింపైంది. ఆమె మా ఆడబిడ్డ కాదు, ఎవరో మర్యాదస్తురాలు. కుర్చీ వేసింది. వేడినీళ్లు తోడింది. "జర తిను వదినె, ఫికర్ చెయ్యకు వదినె" అంటూ వెనకెనకే తిరిగింది. మటన్‌లో ఉప్పు కషాయం. నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. వెనకటి రోజుల్లోనైతే ఆ ఉప్పు మీద రెండు పూటలు కొట్లాడుకునేవాళ్లం. ఆ రోజు నేను నోరుమూసుకుని మింగి, "బాగుంది" అన్నాను. ఛీ, నా నోటి నుంచి అలాంటి మాటా!

ఆయన పోయాడు, సరే, నా రాత. ఆయనతోపాటే నా వదినెరికం కూడా కాటికి పోయిందా? మర్యాదలు పరాయివాళ్లకు చేస్తారు. నా తల్లిగారి వైపు ఎవరూ మిగల్లేదు. ఈమె కూడా మర్యాద మొదలుపెడితే నాకింకెవరున్నారు? అదే నా భయం.

తెల్లారి నేను బయల్దేరుతుంటే చీర తెచ్చి చేతిలో పెట్టింది. బూడిదరంగు, అంచు కూడా లేదు. నాకు తిక్క రేగింది.

"గీ చీర మీ అత్తకు పెట్టు పో. నిన్నటిసంది జూస్తాన, నోరు పడిపోయిందానే నీకు? కూరల గంపెడు ఉప్పేస్తివి. నేను ఒక్క మాటనకపోతిని, నువ్వు ఒక్క మాటనకపోతివి. మీ అన్న పోతే నేను నీకు వదినెను గాకపోతినా?"

ఆమె కొంగు నలుపుతూ మెల్లగా అంది.

"నిన్ను ఎక్కిరియ్యాలంటే నోరొస్తలేదు వదినె. నేను నిన్నంటాంటే అన్న పక్కన కూసోని కండ్లెంట నీళ్లు కారంగ నవ్వేటోడు. ఆ నవ్వు కోసమే అంటుంటి. ఇప్పుడంటే ఎవలు నవ్వుతరు?"

నేను మాత్రం? ఆమెకు ఎదురుమాటలు వెతికింది ఆమెను ఓడించడానికా? ఇన్నేండ్లూ ఒక్క మనిషిని నవ్వించడానికి ఇద్దరం పోటీపడ్డాం. ఆ సంగతి ఒకరికొకరం ఎన్నడూ చెప్పుకోలేదు.

"నేను నవ్వుతనే. అను," అన్నాను. అంటుండగానే కండ్లు కారిపోయాయి.

ఆమె నా మొహంలోకి చూసింది.

"థూ, ఏడ్వకు. ఏడిస్తే నీ ముక్కు కాల్చిన వంకాయ లెక్కైతాంది. గందుకేనా మా అన్న నిన్ను ఎన్నడు ఏడ్వనియ్యంది?"

ఫక్కున నవ్వాను. వాకిట్లో ఉన్న వాళ్లత్త ఉరికొచ్చి, "నిద్రకొచ్చిన మనిషి, గా నవ్వుడేంది! నలుగురు వింటె ఏమనుకుంటరు?" అని కసిరింది. ఏమన్నా అనుకోనీ. నవ్వు ఆగలేదు. దాని వెనకే, దినాలన్నీ ఏడ్చినా రాని ఏడుపు వచ్చింది.