అడ్డగీత పెట్టిన పేర్లు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊళ్ళో వీధికి నలుగురు కిడ్నీలు పోగొట్టుకుంటుంటే నోరు మంచిగా ఎలా ఉంటుంది? అందుకే మా తనూజను ఎవరైనా గయ్యాళి అంటే నాకు కోపం వస్తుంది.

పలాసలో మేమిద్దరం పనిచేసే డయాలసిస్ సెంటర్లో నేను నర్సును, ఆమె కంప్యూటర్ ఆపరేటరు. ఒక్కో రోగికి ఒక్కో ఫైలు, వాళ్ళ పేరుతోనే. మనిషి పోతే ఆ పేరు ముందు చిన్న అడ్డగీత పెడుతుంది. ఆ అలవాటు ఊరికే రాలేదు. మందస నుంచి వచ్చే ఒకాయన రెండు వారాలు రాకపోతే ఇంటికి ఫోన్ చేసింది. ఆ రోజే ఆయన పెద్దకర్మ. భార్య ఏడ్చిన ఏడుపు విన్నాక, గీత పెట్టడం ఎప్పుడూ మరచిపోలేదు.

మొన్న పాత కంప్యూటర్ మార్చడానికి ఇంజనీరు అవినాష్ వచ్చాడు. గీత ఉన్నవి పోయినవాళ్ళ ఫైళ్ళని తనూజ అతనికి ముందే చెప్పింది. నల్ల తెర తెరిచి, ఫైళ్ళన్నీ కొత్తదానిలోకి కాపీ చెయ్యమని కమాండ్ కొట్టాడు. ఒక్కటీ కదల్లేదు. ముందు గీత ఉంటే యంత్రం దాన్ని పేరనుకోదట, తనకిచ్చిన ఇంకో ఆజ్ఞ అనుకుంటుందట. అలాంటి ఆజ్ఞ తెలియదని మొత్తం పనే మానేసింది. అతను మమ్మల్ని అడక్కుండానే గీతలున్నవన్నీ డిలీట్ కొట్టాడు. దానికీ యంత్రం అదే జవాబిచ్చింది, ఒక్కటీ పోలేదు.

తనూజ వెనక నుంచి చూసింది.

"ఏటి సేత్తన్నావు?"

"గీతలున్నయి తీసెత్తన్నానండి. అందరూ పోయినోళ్ళే కదా."

"అందులో మా అయ్యున్నాడు."

అతని చెయ్యి ఆగింది. "గీతలున్నా కాపీ సెయ్యొచ్చు మేడమ్. ఇలాగైతే తొరగా అయిపోద్దని..."

నాకు ఒళ్ళు మండింది. దారి తెలియక కాదు, తెలిసే చేశాడు!

"ఏ నీల్లు తాగితే ఈ రోగమొచ్చిందో బతికున్నప్పుడు ఆల్లకి ఎవులూ సెప్పనేదు," అంది తనూజ. "రేపెవులైనా అడగడానికొత్తే సూపించడానికి ఈ రిపోట్లే కదా ఉన్నాయి? అయ్యీ తీసెత్తే ఆల్లు ఉత్తినే సచ్చినట్టు కాదేటి?"

అవినాష్ తల వంచుకుని కమాండ్ మళ్ళీ కొట్టాడు. ఈసారి పేర్ల ముందు ఒక చుక్క, ఒక ఏటవాలు గీత చేర్చాడు. అంతే. ఫైళ్ళన్నీ కదిలాయి.

"ఆ సుక్కకి అర్థమేటి?"

"ఈ ఫైలు ఇక్కడే ఉందని సెప్పడం మేడమ్. అప్పుడింక ఆజ్ఞ అనుకోదు."

తనూజ కొత్త కంప్యూటర్లో తండ్రి అప్పన్న ఫైలు వెతికి తెరిచింది. రిపోర్టులన్నీ ఉన్నాయి. కళ్ళు తుడుచుకోకుండానే అతనివైపు తిరిగింది.

"మా అయ్య ఇక్కడే ఉన్నాడని సెప్పడానికి నీకంత బద్దకమా?"