నేను ఊహించుకున్న అమ్మ

మొన్న మధ్యాహ్నం కాస్త కునుకు తీద్దామని నడుం వాల్చానో లేదో, కింది వాటాలో ఆడపిల్లెవరో గుండెలు బాదుకుని ఏడుస్తున్నట్టు వినిపించి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తాను. తీరా చూస్తే, ఈమధ్యే అద్దెకు దిగిన జనగామ వైపు అమ్మాయి ఫోను ముందు పెట్టుకుని డబ్బింగ్ ప్రాక్టీసు చేస్తోంది. సినిమావాళ్ళంతా ఉండే కృష్ణానగర్‌లో ఇన్నేళ్ళుగా ఉంటూ, అదే పని చేసి రిటైరై కూడా కంగారుపడ్డందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ పిల్ల మాత్రం సిగ్గుపడి, "ఏడ్పు గొంతులకెల్లే వస్తున్నది ఆంటీ, లోపల్కెల్లి వస్తలేదు. జర మీరు నేర్పుర్రి" అంది.

నేర్పడమా! అప్పటినుంచీ నాకు మనశ్శాంతి లేదు.

ఆ రోజుల్లో డబ్బింగ్ థియేటరులో అందరం ఒక్క మైకు చుట్టూ నిలబడేవాళ్ళం, ఒకరు తడబడితే అందరికీ మళ్ళీ మొదటినుంచే. భీమవరం నుంచి కొత్తగా వచ్చిన నాకు మాట బాగానే పలికేది గానీ, ఏడుపు మాత్రం రాని తుమ్ము కోసం ముక్కు నలుపుకున్నట్టుండేది. మాచేత డైలాగులు చెప్పించే మాస్టారు ఓ రోజు విసిగిపోయి, టేకుకు ముందు కళ్ళు మూసుకుని మీ అమ్మ పోయినట్టు ఊహించుకోమన్నారు. ఊరికే పోయిందనుకుంటే చాలదట, ఏ గదిలో, ఏ మంచం మీద, ఏ చీరలో, చెయ్యి ఎటు వాలిపోయి ఉందో అన్నీ మనసులో అమర్చుకోవాలట.

ఊళ్ళో నిక్షేపంగా ఆవకాయ కలుపుకుంటున్న అమ్మను తెచ్చి కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టాను. నీలం అంచు తెల్లచీర కట్టాను, బయట వాన కురిపించాను. ఆ పూట ఏడుపు ఒక్క టేకులో ఓకే అయింది, మాస్టారు శభాష్ అన్నారు. ఆ తరువాత ఎంతమంది హీరోయిన్ల కోసం అమ్మను చంపుకున్నానో చెప్పలేను. చంపిన ప్రతిసారీ ఆ బొమ్మకు ఇంకాస్త మెరుగు పెట్టేదాన్ని, ఆ సాయంత్రం ఊరికి ఫోను చేసి ఆవిడ గొంతు వింటేగానీ నాకు అన్నం సయించేది కాదు.

కొన్నేళ్ళకు అమ్మ నిజంగానే, జూబ్లీహిల్స్‌లో ఓ ఆసుపత్రిలో, నా పక్కనే పోయింది. ఊపిరి ఆగిందని తెలియగానే ఏడుపు తన్నుకొచ్చింది. వచ్చీ రాగానే అది నా మైకు ఏడుపేనని నా చెవికి తెలిసిపోయింది. ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ గొంతు విరగాలో అంతా అలవాటు ప్రకారమే సాగుతోంది. నా గొంతు విని నాకే భయం వేసింది.

అందుకే ఆ పిల్లతో, ఉన్న మనిషిని తలుచుకోకమ్మా, లేని మనిషినెవరినైనా కల్పించుకో అని చెప్పాను. బుద్ధిగా తలూపింది. నిన్న మళ్ళీ ఏడుపు వినిపించింది, ఈసారి కడుపులోంచి. ఎవరిని తలుచుకున్నావని అడిగితే, "మా అమ్మనే ఆంటీ. లేనోళ్ళను తల్సుకుంటె ఏడ్పొస్తలేదు" అని సంబరంగా నవ్వింది.

ఇప్పుడు డబ్బింగంటే అద్దాల గదిలో ఒక్కత్తీ నిలబడి తన ముక్క తను చెప్పి రావడమే. ఏడ్చి బయటికొస్తే వీపు నిమిరి, టీ గ్లాసు చేతికిచ్చి, ఇక చాల్లేవే అనే తోటివాళ్ళు కూడా ఉండరు. వాళ్ళుండి మాత్రం నాకు ఒరిగిందేముంది? అమ్మను తలుచుకుందామని కళ్ళు మూసుకుంటే, ఆ వానా ఆ తెల్లచీరే వస్తాయి. ఆసుపత్రి మంచం మీద ఆవిడ ముఖం ఎలా ఉందో, ఆఖరున నావైపు చూసిందో లేదో, ఎంత వెతుక్కున్నా కనబడదు. ఎవరినైనా అడుగుదామంటే, ఆ వేళ ఆ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే.